కిలో ఎంగిలి, కిలోమీటరు దారి

రాత్రి పదకొండు దాటాక రెస్టారెంటు వంటగది వెనక తలుపు తీస్తే ఒక వాసన కొడుతుంది. పుల్లగా, కొంచెం తియ్యగా, అడుగున ఎక్కడో మాడిన నూనె కలిసి. ఆ వాసనలో నేను ఆరేళ్ళు పనిచేశాను. మొదట గిన్నెల దగ్గర, తర్వాత స్టోర్‌లో, చివరికి లెక్కలు రాసే కుర్చీలో. కుర్చీలోకి మారినా వాసన వదల్లేదు. నా కిటికీ సరిగ్గా చెత్త డబ్బాల మీదకే తెరుచుకునేది.

అందుకే ఎవరైనా "మీ రెస్టారెంటు చెత్తతో బండ్లు నడుస్తాయటగా!" అని ఉత్సాహంగా అడిగితే నాకు ముందు ఆ వాసన గుర్తొస్తుంది, ఆ తర్వాత సంతోషం వేస్తుంది. బండ్లు నిజంగానే నడుస్తున్నాయి. అందులో అబద్ధం లేదు. నా పేచీ అంతా ఆ వెంటనే వచ్చే రెండో మాటతో: "అయితే ఇక తిండి మిగిలినా దండగేం కాదన్నమాట!"

దండగే. బండి ట్యాంకులోకి వెళ్ళినా దండగే, కాకపోతే కాస్త తక్కువ దండగ. ఎంగిలితో ఇంధనం చేయడాన్ని చెత్త శుభ్రం చేసే పనిగా చూసినంతకాలం అది బంగారం లాంటి పని. ఇంధనం ఉత్పత్తి చేసే పనిగా చూడటం మొదలుపెట్టగానే చెడిపోతుంది. ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. రెస్టారెంటు చెత్త అని ఒక్క మాటలో అనేస్తాం గానీ వంటగదిలో అవి రెండు వేరు వేరు వస్తువులు. ఒకటి వాడేసిన నూనె. రెండోది మిగతాదంతా: తొక్కలు, ఎముకలు, ప్లేట్లలో వదిలేసినవి, అంచనా తప్పి ఎక్కువ వండినవి. నూనెకు డ్రమ్ము, మిగతాదానికి బకెట్. డ్రమ్ము కోసం వచ్చేవాడు మనకే డబ్బిచ్చి పట్టుకెళ్తాడు. బకెట్ కోసం వచ్చేవాడికి మనం డబ్బివ్వాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

నూనె కథ చాలా పాతది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఓటో కంపెనీ వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఫ్రెంచి ప్రభుత్వం అడిగితే చేసిన ప్రయోగం అది. ఇంజన్ ఎంత మామూలుగా నడిచిందంటే అందులో పోసింది వంటనూనె అని కొద్దిమందికే తెలిసిందని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు. (ఆయన తన ఇంజన్‌ను వేరుశనగ నూనె కోసమే కనిపెట్టాడని ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. కాదు.) 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ అనే శాస్త్రవేత్త, నూనెను ఆల్కహాలుతో కలిపి పలచబరిచి ఇంధనంగా వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది అలా మార్చిన పామ్ నూనెతో బ్రస్సెల్స్, లూవెన్ మధ్య ప్రయాణికుల బస్సు ఒకటి నడిచింది. మనం కొత్తగా కనిపెట్టామని మురిసిపోతున్నదానికి ఎనభై ఏళ్ళు దాటాయి.

పలచబరచడం ఎందుకంటే వంటనూనె చిక్కన. ఇంజన్‌లో దాన్ని తుంపరగా చిమ్మాల్సిన సన్నటి రంధ్రాలు కొన్నాళ్ళకు మసి పట్టి పూడుకుపోతాయి. నూనె అణువును మూడు పొడవాటి గొలుసులు తగిలించిన ఒక కొక్కెంలా ఊహించుకోండి. ఆ కొక్కెం గ్లిజరిన్. మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా వేసి వేడిచేస్తే గొలుసులు కొక్కెం నుంచి ఊడి ఒక్కొక్కటీ మిథనాల్‌ను పట్టుకుంటాయి. అదే బయోడీజిల్. గ్లిజరిన్ అడుగున దిగిపోతుంది. వంద కిలోల నూనెకు పది కిలోల పైచిలుకు మిథనాల్ కలిస్తే, ఇంచుమించు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. కాగితం మీద ఇంత తేలిక.

ఈ తేలికతనం చూసే నేనూ ఒక స్నేహితుడి గ్యారేజీలో ప్రయత్నించాను. మా ఫ్రయర్ లోంచి తీసిన నూనె రెండు లీటర్లు, పుస్తకంలో చెప్పిన కొలతలు, చేతికి గ్లవ్స్, కిటికీలు బార్లా తెరిచి. మిథనాల్ విషం, పైగా దాని మంట కంటికి సరిగా కనపడదు. మీరెవరూ ఇంట్లో చేయకండి, నేను చేసిందీ తప్పే. ఉదయం వెళ్ళి చూస్తే సీసాలో లేత పసుపు రంగు జావ ఉంది. గరిటెతో తీస్తే గరిటెను వదల్లేదు. "ఇంధనం కాదురా, సబ్బు చేశావు" అని మావాడు వారం రోజులు ఏడిపించాడు.

నిజంగానే సబ్బు. తప్పు కొలతల్లో లేదు, నూనెలో ఉంది. వేపేటప్పుడు పదార్థంలోని తడి మరుగుతున్న నూనెలోకి దిగి దాని గొలుసులను తెంచుతుంది. నూనె ఎన్నిసార్లు కాగితే అన్ని తెగిన గొలుసులు. ఆ తెగిన ముక్కలు ఆమ్లాలు. వాటికి కాస్టిక్ సోడా తగిలిందంటే సబ్బు అయి తీరుతుంది. నేను నీళ్ళు కూడా సరిగా ఇగర్చలేదు. పెద్ద ప్లాంట్లలో ముందు నూనెను వడగట్టి, నీరు పోగొట్టి, ఆమ్లాలను వేరే ప్రక్రియతో లొంగదీసుకుని అప్పుడు అసలు పని మొదలుపెడతారు. ఆ రోజు తర్వాత నేను మా కుర్రాళ్ళను నూనె డ్రమ్ములో కడుగునీళ్ళు పోయనివ్వలేదు. మెషీను ఎంత గొప్పదైనా దాని సగం తలరాతను రాత్రి పదకొండింటికి అలసిపోయి డ్రమ్ము మూత తీసే మనిషి రాస్తాడు.

ఇప్పుడు నూనెకు ఇంకో దారి కూడా వచ్చింది. మిథనాల్ బదులు హైడ్రోజన్‌తో ఒత్తిడి కింద శుద్ధి చేస్తే అందులోని ఆక్సిజన్ పోయి మామూలు డీజిల్‌తో దాదాపు తేడా లేని ద్రవం వస్తుంది. బయోడీజిల్ చలికి గడ్డకడుతుంది, కాబట్టి చాలాచోట్ల దాన్ని కొద్ది శాతమే కలుపుతారు. యూరప్ డీజిల్ ప్రమాణం 7 శాతం వరకు ఒప్పుకుంటుంది. హైడ్రోజన్ పద్ధతి నూనెకు ఆ బెడద లేదు. విమానాలకూ పనికొస్తుంది. 2011 జూన్‌లో నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎమ్, వాడిన వంటనూనెతో చేసిన ఇంధనం కలిపి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్‌కు 171 మంది ప్రయాణికులతో విమానం నడిపింది. వేపుడు నూనె ఆకాశానికెక్కిందంటే ముచ్చటగానే ఉంటుంది.

ఇక బకెట్. నిజానికి నా మనసంతా బకెట్ దగ్గరే ఉంది.

బకెట్‌లోది నూటికి డెబ్బై, ఎనభై పాళ్ళు నీరు. దాన్ని కాల్చలేం, పిండలేం. కానీ మన పొట్టలో జరిగేదే గాలి చొరని ట్యాంకులో జరిపించవచ్చు. ఒక రకం సూక్ష్మజీవులు పిండినీ మాంసాన్నీ కొవ్వునూ చిన్న ముక్కలు చేస్తాయి, ఇంకో రకం వాటిని ఆమ్లాలు చేస్తాయి, చివరి రకం ఆ ఆమ్లాలను తిని మీథేన్ వదులుతుంది. 35 నుంచి 38 డిగ్రీల వెచ్చదనం, మూడు నాలుగు వారాల ఓపిక. బయటికొచ్చే గ్యాసులో అరవై శాతం దాకా మీథేన్, మిగిలింది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా. ఆ చివరిది ఇంజన్ లోహాన్ని తినేస్తుంది. కాబట్టి దాన్నీ, కార్బన్ డయాక్సైడ్‌నూ తీసేసి, మిగిలిన మీథేన్‌ను 200 బార్లకు పైగా, అంటే మన చుట్టూ ఉన్న గాలికి ఇంచుమించు రెండు వందల రెట్ల ఒత్తిడిలో సిలిండర్లలో కుక్కితే సీఎన్‌జీ బండి ఏ మార్పూ లేకుండా తాగేస్తుంది. ట్యాంకులో మిగిలిన చిక్కటి ద్రవం, అదే స్లర్రీలో నత్రజని అలాగే ఉంటుంది, పొలానికి ఎరువు.

ఈ చివరి రకం జీవులు మహా సుకుమారం. రెస్టారెంటు ఎంగిలి వాటికి మరీ రుచి, మరీ కొవ్వు. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ముందువాళ్ళు ఆమ్లాలు గబగబా చేసేస్తారు, వెనకవాళ్ళు తినలేక చస్తారు. ట్యాంకు పులిసిపోతుంది. మళ్ళీ దారికి రావడానికి వారాలు పడుతుంది. మనిషికి అజీర్తి చేసినట్టే, కాకపోతే ఈ మనిషి బరువు వేల టన్నులు. పైగా మా బకెట్లలో వచ్చేవి చూడండి: చెంచాలు, టూత్‌పిక్‌లు, సాస్ పొట్లాలు, సీసా మూతలు, ఒకసారి ఎవరిదో కళ్ళజోడు. మా లోడు ఒకసారి వెనక్కి వచ్చింది. ఎవరో నేల తుడిచే బ్లీచ్ నీళ్ళు బకెట్‌లో గుమ్మరించారు. సూక్ష్మజీవులను చంపడానికే తయారుచేసిన మందు అది. దాన్ని సూక్ష్మజీవులతో బతికే ట్యాంకుకు పంపాం.

ఇప్పుడు లెక్క. ఒక టన్ను తిండి వ్యర్థం నుంచి 100 నుంచి 150 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. అందులో మీథేన్‌ను తూకం వేస్తే అటూ ఇటూగా 50 కిలోలు. సిటీ బస్సు వంద కిలోమీటర్లకు దాదాపు అంతే తాగుతుంది. చిన్న కారుకైతే వెయ్యి కిలోమీటర్లు. అంటే ఒక కిలో ఎంగిలికి ఒక కారు, ఒక కిలోమీటరు. నాకు ఈ లెక్క చాలా నచ్చింది, గుర్తుపెట్టుకోవడం తేలిక. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నా కిటికీ కింది బకెట్లను చూస్తూ మనసులో కిలోమీటర్లు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఇదే లెక్కను ప్రపంచం మీద వేసి చూస్తే ఉత్సాహం చల్లారుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో ఇళ్ళ వాటా 60 శాతం. హోటళ్ళు, రెస్టారెంట్లు, క్యాంటీన్లు అన్నీ కలిపి 29 కోట్ల టన్నులు. ఇందులో తొక్కలూ ఎముకలూ కూడా ఉన్నాయి. ఆ 29 కోట్ల టన్నుల్లో ఒక్క గరిటె వదలకుండా ఊడ్చి మీథేన్ చేసినా, వచ్చే శక్తి ప్రపంచంలో రవాణా వాడే శక్తిలో ఒక శాతం కూడా కాదు. నేను వేసుకున్న మోటు లెక్కే, అటూ ఇటూ కావచ్చు గానీ ఒకటి పది మాత్రం అవదు.

మరి ఎందుకు చేయాలి? చెత్తగా చూస్తే ఇదే బకెట్ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని డంపింగ్ యార్డులో పోస్తే అక్కడ కూడా గాలి ఆడక అదే మీథేన్ పుడుతుంది, పట్టుకునేవాడు లేక ఆకాశంలోకి పోతుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కలో 80 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. నూనెను సింకులో పోస్తే ఏమవుతుందో లండన్ వాళ్ళను అడగాలి. 2017లో వైట్‌చాపెల్ కింద మురుగు సొరంగంలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల కొవ్వు గడ్డ దొరికింది. గట్టిగా రాయిలా ఉంటే పారలతో, నీటి ఫిరంగులతో వారాల తరబడి పగలగొట్టారు. కొంత బయోడీజిల్ చేశారు, ఒక ముక్కను మ్యూజియంలో పెట్టారు. జనం క్యూ కట్టి చూశారట. నాకు మాత్రం చూడాలనిపించలేదు, వంటగది మురుగులోని కొవ్వును పట్టి ఆపే మా తొట్టి, ఆ గ్రీజ్ ట్రాప్ చాలు.

కాబట్టి బండి నడవడం ఇక్కడ వడ్డీ. అసలు ఏమిటంటే ఆ బకెట్ యార్డుకు పోకపోవడం, ఆ నూనె మురుగులోకి పోకపోవడం. 2014లో ఇంగ్లండులో బాత్ నగరం నుంచి బ్రిస్టల్ విమానాశ్రయానికి ఒక బస్సు తిరిగింది. నలభై సీట్లు, ట్యాంకు నింపితే మూడు వందల కిలోమీటర్లు. మురుగు శుద్ధి ప్లాంటులో జనం మలమూత్రాలకు తిండి వ్యర్థాలు కలిపి తీసిన గ్యాసుతో నడిచేది. పేపర్లన్నీ బస్సు గురించి జోకులు వేశాయి. ఆ ప్లాంటు మురుగును శుభ్రం చేస్తోందన్నది ఎవరికీ వార్త కాలేదు. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు కదా.

వడ్డీ మీద కన్నేస్తే ఏమవుతుందో నూనె మార్కెట్ ఇప్పటికే చూపించింది. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన చట్టంలో, వాడిన నూనెతో చేసిన ఇంధనాన్ని, రవాణాలో ఇంత శాతం పచ్చటి ఇంధనం ఉండాలన్న లక్ష్యాల లెక్కలో రెండింతలుగా లెక్కపెట్టుకోవచ్చన్నారు. ఒక లీటరు పోస్తే రెండు లీటర్లు పోసినట్టు రాసుకోవచ్చు. ఉద్దేశం మంచిదే, తాజా నూనెను ఇంధనంగా తగలెయ్యకుండా చూడాలని. దాంతో ఎంగిలి నూనె ధర ఎక్కి కూర్చుంది. కొన్నిసార్లు తాజా పామ్ నూనెను కూడా దాటింది. ఇక ఆలోచించండి, వాడిన నూనెకు ఎక్కువ ధర ఉన్నప్పుడు తాజా నూనెను వాడినట్టు చూపించాలని ఎవరికి బుద్ధి పుట్టదు? పామ్ నూనెకే "వాడినది" అని కాగితాలు పుట్టిస్తున్నారని ఆరోపణలు వచ్చాయి, దర్యాప్తులు జరిగాయి. ఓడలో వచ్చిన నూనెను పరీక్షగొట్టంలో పోసి చూసినా అది నిజంగా ఏ వంటగదిలోనైనా కాగిందో లేదో తేల్చి చెప్పడం కష్టం. కాగితాన్నే నమ్మాలి. కాగితం మీదవి కాకిలెక్కలైతే అడవి నరికి వేసిన పామ్ తోట నూనె "చెత్త నుంచి వచ్చిన పచ్చటి ఇంధనం" అయిపోతుంది. అమెరికాలో రెస్టారెంట్ల వెనక నూనె డబ్బాలకు రాత్రిపూట పైపులు వేసి తోడుకుపోయే దొంగలున్నారు. చెత్తకు తాళం వేసే రోజు వచ్చిందంటే అది చెత్త కాకుండా పోయినట్టే.

నా వాదనకు ఎదురు నిలిచే సంగతి ఒకటుంది, దాచను. చైనాలో మురుగు కాలవల నుంచీ గ్రీజ్ ట్రాపుల నుంచీ తోడిన నూనెను వడగట్టి మళ్ళీ వంటనూనెగా అమ్మే దందా చాలా ఏళ్ళు సాగింది. 2011లో పోలీసులు పెద్ద ఎత్తున దాడులు చేశారు. ఆ నూనెకు ఇంధనంగా మంచి ధర రావడం వల్ల అది మళ్ళీ మూకుడులోకి పోయే ఆశ కొంతైనా తగ్గింది. డబ్బు ఆశ ఎప్పుడూ చెడే చేస్తుందని నేననను. ఎక్కడికి పోకూడదో అక్కడికి పోకుండా లాగినంతవరకు ధర మంచిదే. ధర కోసం కొత్త నూనె కాచే దాకా వస్తేనే గొడవ.

"పందులకు పెట్టొచ్చు కదా, పూర్వం అదే చేసేవాళ్ళు" అని మా స్టోర్ పెద్దాయన ఎప్పుడూ అనేవాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. తిండి మళ్ళీ తిండి అవడం కంటే మంచి దారి లేదు. కానీ 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగింది. సరిగా ఉడికించని హోటల్ కుడితి తాగిన పందుల దగ్గరే అది మొదలైందని తేల్చారు. 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఆ దెబ్బకు కుడితి పెట్టడాన్నే నిషేధించారు, ఆ తర్వాత యూరప్ మొత్తంలో అదే నియమం వచ్చింది. జపాన్‌లో మాత్రం బాగా ఉడికించి దాణాగా పెట్టనిస్తారు. దక్షిణ కొరియా 2005లోనే తిండి వ్యర్థాలను భూమిలో పూడ్చడాన్ని నిషేధించింది, తర్వాత బరువును బట్టి రుసుము పెట్టింది. అక్కడ బకెట్ దాణాకా, ఎరువుకా, గ్యాసుకా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటి ప్రశ్న ఎంత బరువు పారేశావన్నది. నాకు ఈ వరస నచ్చుతుంది.

పోనీ గ్యాసే చేశాం, అది బండిలోకే పోవాలా? ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. అదే గ్యాసును ప్లాంటులో ఇంజన్ పెట్టి కరెంటు చేసి, ఆ కరెంటును ఎలక్ట్రిక్ కారుకు ఇస్తే మన కిలో ఎంగిలికి కిలోమీటరు బదులు కిలోమీటరున్నర దగ్గరికి వస్తుంది. ఇంజన్ వేడి ట్యాంకును వెచ్చగా ఉంచడానికి మిగులుతుంది కూడా. చిన్న కార్లకు ఈ గ్యాస్ పోయడం నా దృష్టిలో దుబారా. సిటీ బస్సులకో, బరువు లారీలకో, ముఖ్యంగా ఆ చెత్త ఎత్తే లారీకో పోస్తే అర్థముంది. సాయంత్రానికి అవి ఒకే డిపోకు చేరతాయి, ఒకే పంపు చాలు. చెత్త లారీ తన ఇంధనాన్ని తానే మోసుకురావడంలో ఒక అందం ఉంది. అయిదు టన్నులు ఎత్తితే 250 కిలోల గ్యాసు, అది ఆ రోజు తిరిగిన దూరానికి చాలా రెట్లు. అయితే దూరం పెంచకూడదు. మోసేది ముప్పాతిక వంతు నీళ్ళని మరిచిపోయి ఊరూరా తిప్పితే లాభం చక్రాల కిందే అరిగిపోతుంది. ప్లాంటులో ఎక్కడైనా గ్యాస్ లీకైతే ఇంకా దారుణం, ఆకాశంలోకి పోకూడదనుకున్నదాన్ని మనమే పైపు వేసి పంపినట్టు.

మా దగ్గర జరిగింది చెప్పి ఆపుతాను.

మా బకెట్లను గ్యాసు ప్లాంటుకు తీసుకెళ్ళే సంస్థతో ఏడాది ఒప్పందం కుదిరింది. అందరం గర్వంగా ఫీలయ్యాం, మెనూ కింద ఒక ఆకు బొమ్మ కూడా వేయించాం. అదే సమయంలో నేను గిన్నెల దగ్గర ఒక చిన్న తరాజు పెట్టించాను. ఏది పారేసినా ముందు దాని మీద పెట్టి, పక్కనున్న పలక మీద బరువూ కారణమూ రాయాలి. ప్లేట్లోంచా, పొయ్యి దగ్గరా, స్టోర్లో పాడయిందా. మొదటి వారం కుర్రాళ్ళు తిట్టుకున్నారు. రెండో వారం షెఫ్ ఆ పలక చూసి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు, మర్నాడు సైడ్ డిష్ గిన్నెలు చిన్నవి తెప్పించాడు. ఏ రోజు ఎంత వండాలో పలకే చెప్పడం మొదలుపెట్టింది. మూడు నెలలకు అయిదు బకెట్లు మూడయ్యాయి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా పెద్దాయన ఆ పలక మీదే సుద్దతో రాశాడు.

నాలుగో నెలలో ఆ సంస్థ నుంచి ఫోన్.

"ఏంటండీ, ఈమధ్య బిజినెస్ డల్‌గా ఉందా?"

"లేదండీ, బాగానే నడుస్తోంది."

"మరి మీ బకెట్లు తేలిగ్గా వస్తున్నాయి?"

సంగతి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా మర్యాదగా ఒప్పందం ఏడో పేజీ చూడమన్నాడు. నెలకు కనీసం ఇంత బరువు ఇస్తామని మేమే సంతకం పెట్టాం. ప్లాంటు ట్యాంకుకు రోజూ మేత కావాలి, దాన్ని పస్తు పెడితే వాళ్ళ అప్పు తీరదు. ఆయన తప్పేం లేదు. నిజం చెప్పాలంటే ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టింది నేనే.

ఆ నెల తగ్గిన బరువుకు డబ్బు కట్టాం. బిల్లు మీద దాని పేరు కొరత రుసుము. మేము పారేయని తిండికి కట్టిన ఆ బిల్లు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఏడాది తిరిగాక కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు కనీస బరువు అన్న మాట కొట్టేయించాను. బకెట్‌కు ఇంత అని కాస్త ఎక్కువ ధరే ఒప్పుకోవాల్సి వచ్చింది.